అన్నం వండని కుక్కర్: 22 లీటర్లది, ఏడాది వాడాక రాస్తున్నా

ముందే చెప్తున్నా, ఈ కుక్కర్‌లో నేను ఇప్పటిదాకా ఒక్క గింజ అన్నం వండలేదు. పప్పు ఎన్ని విజిల్స్‌కి ఉడుకుతుంది, బిర్యానీ అడుగంటుతుందా అని చూడ్డానికి వచ్చినవాళ్లు వేరే రివ్యూ చూసుకోండి. నేను నల్గొండలో డిగ్రీ పిల్లలకి మైక్రోబయాలజీ చెప్తాను. మా ల్యాబ్‌లో ఉన్న ఆటోక్లేవ్ (ఆవిరి ఒత్తిడితో క్రిముల్ని చంపే యంత్రం) హీటర్ కాలిపోయి, రిపేరు కాగితం ఒక టేబుల్ మీంచి ఇంకో టేబుల్ మీదికి తిరుగుతూనే ఉంది, ఈలోపు ఫైనలియర్ పిల్లల ప్రాజెక్టు ఆగిపోయేలా ఉందని జేబులోంచి 6,400 పెట్టి గడియారం సెంటర్ దగ్గర ఒక స్టీలు సామాన్ల షాపులో దీన్ని కొన్నా. అల్యూమినియంది, ఐ.ఎస్.ఐ. మార్కు ఉంది. కంపెనీ పేరు రాయను, కింద కొంచెం తిట్టబోతున్నా కాబట్టి.

షాపాయన "ఎంతమందికి సార్, ఫంక్షనా?" అని అడిగాడు. "మందికి కాదన్నా, సముద్రం బురదల ఉండే బ్యాక్టీరియాకు తిండి వండాలె" అన్నాను. కాసేపు నా మొహం చూసి, "అయితే గ్యాస్కెట్ ఇంకోటి తీసుకపోండి సార్" అన్నాడు. ఏడాది తర్వాత చూస్తే మొత్తం కొనుగోలులో పనికొచ్చిన సలహా అదొక్కటే.

సముద్రం లేని జిల్లాలో సముద్రం బురద ఏంటని అడుగుతారు, మా ప్రిన్సిపల్ గారూ అడిగారు. మందుల చరిత్ర తెలిసినవాళ్లకి మట్టి గొప్పతనం తెలుసు. 1943లో టీబీ మందు స్ట్రెప్టోమైసిన్ మట్టిలోని స్ట్రెప్టోమైసిస్ బ్యాక్టీరియా నుంచే దొరికింది. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ అనే మందుల కంపెనీలో పరిశోధన నడిపిస్తున్న రోజుల్లో, 1948లో, ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ బయటికొచ్చింది, అదీ మట్టిలోదే. తొలకరి పడగానే వచ్చే మట్టి వాసన కూడా ఎక్కువగా ఈ జాతి పనే. అయితే దశాబ్దాలుగా అందరూ అదే మట్టి తవ్వేసరికి పాత మందులే మళ్లీ మళ్లీ దొరకడం మొదలైంది. అందుకే చాలామంది సముద్రం అడుగుకి వెళ్లారు. అమెరికాలో స్క్రిప్స్ సంస్థ వాళ్లు, ఫెనికల్, జెన్సన్ అనేవాళ్లు, బహామాస్ దగ్గర బురదలోంచి సాలినిస్పోరా అనే బ్యాక్టీరియాని పట్టుకున్నారు. దానికి సముద్రపు నీళ్లు లేకపోతే పెరుగుదలే ఉండదు. దాన్నుంచి వచ్చిన పదార్థాన్ని క్యాన్సర్ మందుగా మనుషుల మీద పరీక్షించేదాకా వెళ్లింది వ్యవహారం. జపాన్ సముద్రంలో 289 మీటర్ల లోతు బురదలోంచి అబిస్సోమైసిన్ అనే యాంటీబయాటిక్ దొరికింది. మాకు 289 మీటర్లు ఎక్కడివి, నిజాంపట్నం హార్బర్‌లో ఒక పడవాయన్ని బతిమాలితే లంగరుకి అంటుకొచ్చిన ఒండ్రు నాలుగు డబ్బాలకి ఎత్తి ఇచ్చాడు. థర్మాకోల్ డబ్బాలో ఐసు పెట్టుకుని, పిడుగురాళ్ల, మిర్యాలగూడ మీదుగా బస్సులో తెచ్చాం. కండక్టర్ చేపలనుకుని లగేజీ టికెట్ కొట్టాడు.

ఇక కుక్కర్ సంగతి. ఆటోక్లేవ్ చేసేదీ ఇదీ సూత్రంగా ఒకటే: 15 పౌండ్ల ఒత్తిడి, 121 డిగ్రీల ఆవిరి, కనీసం పావుగంట. మంచి కుక్కర్ వెయిటు దాదాపు ఆ ఒత్తిడి దగ్గరే లేస్తుంది. 250 మి.లీ. ఫ్లాస్కులు మధ్యలో ఒకటి, చుట్టూ ఆరు, మొత్తం ఏడు సుఖంగా కూర్చుంటాయి. గిన్నె మందంగా ఉంది, గ్యాస్ పెద్దగా తినదు. ఇక్కడిదాకా నో కంప్లైంట్.

తప్పు నాది సగం, దానిది సగం. వంటలాగే మూత పెట్టగానే వెయిటు పెట్టేసి, విజిల్స్ లెక్కపెట్టి, పది రాగానే దించేశాం. మొదటి వారంలోనే పండగ! స్టార్చ్ కేసిన్ అగార్ (బ్యాక్టీరియాకి తిండి కలిపిన జెల్లీ) మీద బురద పలచన చేసి పోస్తే, మూడో రోజుకే ఒక తెల్లటి కాలనీ, దాని తునక తీసి స్టాఫిలోకాకస్ (పుండ్లలో చీము పట్టించే బ్యాక్టీరియా) పరిచిన ప్లేటు మీద పెడితే చుట్టూ 14 మి.మీ. ఖాళీ వలయం, అంటే అక్కడ స్టాఫిలోకాకస్ పెరగలేదు. ఒక అమ్మాయి ఫోటో తీసి వాళ్ల నాన్నకి కూడా పంపింది. నాకే అనుమానం వచ్చింది, ఎందుకంటే సముద్రపు ఆక్టినోమైసిట్లు (స్ట్రెప్టోమైసిస్, సాలినిస్పోరా ఉండే బ్యాక్టీరియా వర్గం) ఇంత తొందరగా రావు, రెండు మూడు వారాలు, ఒక్కోసారి నెల పైన పడుతుంది. ఇంక్యుబేటర్ కింది అరలో మర్చిపోయిన కంట్రోల్ ప్లేటు తీసి చూస్తే, బురద చుక్క కూడా వేయని ఆ ప్లేటులో అచ్చం అదే కాలనీ.

గ్రామ్ స్టెయిన్ (బ్యాక్టీరియాని గుర్తుపట్టడానికి వేసే రంగు) చేస్తే ఊదారంగు పుల్లలు, లోపల స్పోర్లు, అంటే వేడికి ఓ పట్టాన చావని విత్తనాల్లాంటివి. బాసిల్లస్ అనే బ్యాక్టీరియా. ల్యాబ్ స్టార్చ్ అయిపోయి కిరాణా షాపు కార్న్‌ఫ్లోర్ వాడామని అప్పుడు గుర్తొచ్చింది, పిండిలో ఈ స్పోర్లు ఉండటం మామూలే. వంద డిగ్రీలకి అవి చావవు. నియోస్పోరిన్ పౌడర్‌లో ఉండే బ్యాసిట్రేసిన్ కూడా బాసిల్లస్ జాతి చేసేదే, కాబట్టి స్టాఫిలోకాకస్‌ని చంపడంలో వింత లేదు. మేం బంగాళాఖాతంలో దొరికిందనుకున్న మందు కిరాణా కొట్టు నుంచి వచ్చింది. ఆ అమ్మాయి వాళ్ల నాన్నకి ఏం చెప్పిందో నేను అడగలేదు.

విషయం ఏంటంటే, లోపల గాలి ఉండిపోతే వెయిటు లేచే ఒత్తిడి వచ్చినా వేడి 121కి చేరదు. ఇంట్లో పప్పుకి ఆ తేడా తెలియదు, స్పోర్లకి తెలుస్తుంది. అందుకని ఇప్పుడు అడుగున రెండంగుళాల నీళ్లు, స్టాండు, మూత బిగించి, వెయిటు లేకుండా ఆవిరి ఒకే ధారగా పది నిమిషాలు పోనిస్తాం. ఆ తర్వాతే వెయిటు. మొదటి విజిల్ రాగానే సిమ్‌లో పెట్టి గడియారం చూసి 25 నిమిషాలు. విజిల్స్ లెక్క మానేశాం, మంట పెద్దదైతే ఐదు నిమిషాల్లో పది వస్తాయి, ప్రతి విజిల్‌కీ ఒత్తిడి కొంచెం పడిపోతుంది. దించాక వెయిటు ఎత్తొద్దు, దానంతటదే చల్లారాలి, తొందరపడితే ఫ్లాస్కులో మీడియా (బ్యాక్టీరియా తిండి) పొంగి దూది బిరడాలు తడిసిపోతాయి. ఆటోక్లేవ్ టేపు మీద నల్ల గీతలు రావడం చూసి నమ్మకండి, వేడి తగిలిందనే చెప్తుంది. వేడికి బాగా తట్టుకునే జియోబాసిల్లస్ స్పోర్ల ఆంపూల్ (చిన్న గాజు సీసా) ఒకటి పెట్టి, తర్వాత 55 డిగ్రీల దగ్గర ఉంచి ఏమీ మొలవలేదని చూసుకున్నాకే నాకు నిద్ర పట్టింది.

ఇక తిట్లు. గ్యాస్కెట్ ఎనిమిది నెలలకే సాగిపోయింది, మూత పక్కనుంచి ఆవిరి. సర్వీస్ వాళ్లకి ఫోన్ చేస్తే పంపింది వేరే సైజు, వాపసుకి ఇంకో ఇరవై రోజులు. ఈలోపు ఆదుకుంది షాపాయన ఇప్పించిన రెండోది. ప్రెజర్ గేజ్ పెట్టుకునే వీలు లేదు, అంటే లోపల ఏం జరుగుతోందో పూర్తిగా దేవుడి మీద భారం. అల్యూమినియం కొనడం మాత్రం నా తెలివితక్కువ: మీడియా సముద్రపు నీళ్లతోనే చేస్తాం కదా, రెండుసార్లు పొంగి పడ్డాక అడుగంతా తెల్లటి మచ్చలు, సూది గుంటలు. ఈ పనికి కొనేవాళ్లు స్టీలుదే కొనండి, డబ్బు ఎక్కువైనా. దానికి తోడు మన బోరు నీళ్లు. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ తీసే పద్ధతికే నల్గొండ టెక్నిక్ అని పేరు వచ్చిన జిల్లా మనది, ఇక్కడ బోరు నీళ్లు నెల రోజులు మరిగిస్తే గోడలకి సున్నం కట్టేస్తుంది. ఆవిరి పోయే గొట్టంలో అది పేరుకుంటే ప్రమాదం. డిస్టిల్డ్ వాటర్ వాడండి, వారానికోసారి ఆ గొట్టంలోంచి వెలుతురు కనిపిస్తోందా లేదా చూడండి.

జాగ్రత్తగా చేశాక అసలు బ్యాక్టీరియా నిదానంగా వచ్చాయి. పని అంతా నవంబర్ నుంచి జనవరి మధ్య పెట్టుకున్నాం, ఎండాకాలంలో మా గదే 38 డిగ్రీలుంటే ఇంక్యుబేటర్ 28కి ఎట్లా దిగుతుంది. పదకొండు కాలనీలు, సుద్దముక్కలా పొడిగా, అగార్‌లోకి వేళ్లు దిగినట్టు గట్టిగా, మూత తీస్తే వాన పడ్డ చేను వాసన. వాటిలో రెండు స్టాఫిలోకాకస్‌ని ఆపాయి, వలయం చిన్నదే, 9 మి.మీ. అయితే అన్నీ మామూలు నీళ్లతో చేసిన మీడియా మీద కూడా హాయిగా పెరిగాయి. అంటే సాలినిస్పోరా లాంటి పక్కా సముద్రపు జీవులు కాకపోవచ్చు. ఆ తీరానికి ఒండ్రు తెచ్చేదే కృష్ణ, వాడపల్లి దగ్గర మూసీని కలుపుకుని పోయేది అదే. వందల కిలోమీటర్లు పోయి ఐసు డబ్బాలో మోసుకొచ్చింది సాగర్ కింది పొలాల మట్టే అయ్యుండొచ్చని ఒక పిల్లాడు అన్నాడు, నాకు కాదనడానికి ఆధారం దొరకలేదు. అదే ప్రాజెక్టు రిపోర్టులో రాసుకున్నాం.

రేటింగ్ అంటే ఐదుకి మూడు. చిన్న కాలేజీ, చిన్న ల్యాబ్ అయితే కొనొచ్చు, కానీ ఒకసారి ల్యాబ్‌లోకి వచ్చాక వంటింటికి తీసుకెళ్లకూడదు, వాడేసిన ప్లేట్లని చంపేది కూడా ఇందులోనే కాబట్టి. ఇంట్లో సరదాకి స్టాఫిలోకాకస్ పెంచుదామనుకునేవాళ్లు అసలు కొనకండి. అన్నట్టు మా ఆటోక్లేవ్ హీటర్ మొన్ననే వచ్చింది, బిగించేవాళ్లు ఇంకా రాలేదు.