మందులా, థెరపీయా? ఓసీడీ ఉన్న ఇంట్లో అసలు తేల్చుకోవాల్సింది ఇంకోటి

మా పెద్దవాడికి ఓసీడీ, అంటే వద్దన్నా వచ్చే భయాలు, వాటిని దింపుకోవడానికి పదేపదే చేసే తంతులు ఉండే జబ్బు. ఆ సంగతి తెలిసినవాళ్ళు ఫోన్ చేసి మొదట అడిగేది ఒకటే: "మందులు మొదలుపెట్టమంటావా, థెరపీ చాలంటావా?" ఈ ఏడాదిలో ఐదారుగురికి విడివిడిగా చెప్పాను. ప్రతిసారీ మాట అక్కడ మొదలై ఇంకెక్కడికో పోతోంది. అందుకని కూర్చుని రాసేస్తున్నాను. ఇది తేలికపాటి ఓసీడీ గురించి కాదు. బడి మానేసి, స్నానానికి మూడు గంటలు పట్టి, ఇంట్లో అందరూ ఒక్కడి భయం చుట్టూ తిరిగే స్థితి గురించి. పిల్లల్లో తీవ్రత కొలిచే సీవై-బాక్స్ స్కేలు మీద మా వాడికి మొదటిసారి 40కి 31 వచ్చింది. అప్పుడు వాడికి పదిహేనేళ్ళు.

ముందు అడిగినదానికే జవాబు చెప్తాను. ఈ ప్రశ్న మీద అందరూ ఎత్తి చూపించేది పాట్స్ అనే అధ్యయనం, ఓసీడీ ఉన్న పిల్లల మీద అమెరికాలో చేసింది, 2004లో వచ్చింది. 7 నుంచి 17 ఏళ్ళ వయసున్న 112 మందిని నాలుగు జట్లుగా విడగొట్టి 12 వారాలు చూశారు. జబ్బు దాదాపు పోయిందనదగ్గ స్థితికి చేరినవాళ్ళు సెర్ట్రలిన్ (డిప్రెషన్‌కీ ఓసీడీకీ ఇచ్చే మందు) ఒక్కటే వాడిన జట్టులో సుమారు 21 శాతం, సీబీటీ (ఆలోచనల్నీ ప్రవర్తననీ మార్చే థెరపీ) ఒక్కటే చేసిన జట్టులో 39, రెండూ కలిపిన జట్టులో 54. ఉత్తుత్తి మాత్ర మింగినవాళ్ళలో 4 శాతం కూడా లేరు. ఒక్కటే ఎంచుకోవాలంటే థెరపీ, తీవ్రంగా ఉంటే రెండూ. ఇందులో పెద్దగా వాదన లేదు.

నాకు ఎక్కువ పనికొచ్చింది అదే అధ్యయనంలో ఇంకో సంగతి. థెరపీ అన్ని కేంద్రాల్లో ఒకేలా పనిచేయలేదు. ఒక చోట థెరపీ ఒక్కటే దాదాపు రెండూ కలిపినంత ఫలితం ఇచ్చింది, ఇంకో చోట అంత ఇవ్వలేదు. మాత్ర ఎవరు రాసినా అదే మాత్ర. థెరపీ అలా కాదు, చేసే చేతిని బట్టి ఉంటుంది. మేం మొదటి ఐదు నెలలు ఒక కౌన్సెలర్ దగ్గరికి వెళ్ళాం. చిన్ననాటి సంగతులు మాట్లాడించేవారు, ఊపిరి నెమ్మదిగా తీసుకోవడం నేర్పించేవారు. మంచి మనిషి, మా వాడికి ఆయనంటే ఇష్టం కూడా. స్కోరు మాత్రం కదల్లేదు. అందుకే ఇప్పుడు ఎవరైనా థెరపిస్టు పేరు చెప్తే నేను అడగమనే ప్రశ్న ఒక్కటే: "సెషన్లో వాడి చేత ఏం చేయిస్తారు?" మాట్లాడిస్తాం అంటే అది ఓసీడీకి కావాల్సిన థెరపీ కాదు. తలుపు పిడి ముట్టుకోమంటాం, చెయ్యి కడుక్కోకుండా కాసేపు కూర్చుంటాం, ముందు మేం ముట్టుకుని చూపిస్తాం అంటే అదీ ఇ.ఆర్.పి. అంటే, భయపడేదాన్ని ఎదుర్కొని తంతు చేయకుండా ఆగడం నేర్పే సీబీటీ. భయం తగ్గేదాకా కూర్చోవాలని వెనకటికి చెప్పేవారు. మా వాణ్ణి ఇప్పుడు చూస్తున్నావిడ తగ్గిందా అని అడగనే అడగరు. "నువ్వనుకున్నది జరిగిందా? జరుగుతుందో లేదో తెలియకుండానే అరగంట గడపగలిగావా?" అని అడుగుతారు.

అలాంటప్పుడు మందెందుకు? 31 స్కోరున్న పిల్లాడు ఆ కుర్చీలో కూర్చోలేడు కాబట్టి. మా వాడు ఇప్పటి థెరపిస్టు దగ్గర మొదటి మూడు సెషన్లలో ఆ గది గుమ్మం దాటలేదు. మందు మొదలయ్యాక పదో వారంలో మొదటిసారి ఆవిడ చెప్పింది చివరిదాకా విన్నాడు. మందు చేసింది అంతే, కానీ అది లేకపోతే మిగతాదేదీ మొదలయ్యేది కాదు. ఓసీడీకి ఈ మందులు డిప్రెషన్‌కి ఇచ్చేదానికన్నా తరచు ఎక్కువ డోసులో, ఎక్కువ కాలం వాడితేగాని తేలదు. ఎనిమిది నుంచి పన్నెండు వారాలు ఆగాలి. మూడో వారంలో "పనిచేయట్లేదు" అని ఆపేసినవాళ్ళు నాకు ఇద్దరు తెలుసు. అలవాటు పడిపోతారేమోనన్న భయం అక్కర్లేదు, కానీ ఉన్నట్టుండి ఆపకూడదు. నిజంగా భయపడాల్సింది మొదటి వారాల గురించి. పిల్లల్లో ఆత్మహత్య ఆలోచనలు పెరగవచ్చని అమెరికాలో మందుల్ని నియంత్రించే సంస్థ ఎఫ్‌డీఏ 2004లోనే ఈ మందుల మీద హెచ్చరిక పెట్టించింది. మొదటి నెలంతా, డోసు మార్చిన ప్రతిసారీ, నేను వాడి గది తలుపు తీసే ఉంచాను.

ఇప్పుడు ఫోన్లో ఎవరూ అడగనిది. మందో థెరపీయో డాక్టరు చూసుకుంటారు. వారంలో థెరపిస్టు చేతిలో ఉండేది ఒక్క గంట. మిగతా 167 గంటలు మీ ఇంట్లోవే. ఆ గంటలో నేర్చుకున్నది నిలుస్తుందా లేదా అన్నది ఇక్కడే తేలుతుందని నా నమ్మకం.

"అమ్మా, నా చెయ్యి గోడకి తగల్లేదు కదా?"

"తగల్లేదు నాన్నా."

ఒక సాయంత్రం వాడు ఇలా అడిగిన ప్రతిసారీ కాగితం మీద గీత పెట్టుకుంటూ పోయాను. నిద్రపోయేలోపు 63 అయ్యాయి. వాడి చెల్లెలు బయటినుంచి రాగానే గుమ్మంలోనే బట్టలు మార్చుకునేది. సబ్బులు మా వారు డజన్ల లెక్కన తెచ్చేవారు. మేం కూడా ఆ జబ్బులో ఉద్యోగస్తులమే అన్నమాట, జీతం లేదంతే.

ఇలాంటి చోట ఇంటివాళ్ళకి మూడు దారులున్నాయి, మేం మూడూ నడిచాం. మొదటిది అడిగిందల్లా చేయడం. దీన్ని నేను తేలిగ్గా తిట్టలేను. పిల్లాడు ఏడుస్తుంటే జవాబు చెప్పని తల్లి ఎవరు? ఆ పూటకి నిజంగానే నెమ్మదిస్తుంది. చిక్కల్లా అక్కడే ఉంది. నా జవాబుతో భయం దిగింది కాబట్టి, మళ్ళీ దిగాలంటే నా జవాబే కావాలి. ఇంటివాళ్ళు ఎంత సర్దుకుపోతే జబ్బు అంత తీవ్రంగా ఉంటుందని, చికిత్సకి అంత తక్కువ లొంగుతుందని అధ్యయనాలు చాలా ఏళ్ళుగా చెప్తూనే ఉన్నాయి.

రెండోది ఒక్కసారిగా తెగ్గొట్టడం. ఒకరోజు మా వారు విసిగిపోయి నీళ్ళ వాల్వు కట్టేశారు. స్నానాల గది తలుపు గడియ ఊడిపోయింది. రెండు రోజులు వాడు తండ్రితో మాట్లాడలేదు. అంతకన్నా పెద్ద నష్టం తర్వాత బయటపడింది: కడగడం తగ్గించి మనసులో లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. కళ్ళకి కనిపించే తంతు కనిపించనిదైంది. అది పట్టుకోవడానికి థెరపిస్టుకి నెల పట్టింది.

మూడోది ముందుగా చెప్పి, ఒక్కొక్కటిగా వెనక్కి తీసుకోవడం. యేల్ విశ్వవిద్యాలయంలో ఎలీ లెబోవిట్జ్ రూపొందించిన స్పేస్ అనే పద్ధతి మొత్తం దీని మీదే నడుస్తుంది. అందులో థెరపిస్టు దగ్గరికి వెళ్ళేది తల్లిదండ్రులే, పిల్లాడు రానక్కర్లేదు. 2020లో వచ్చిన ఒక పరీక్షలో ఆందోళన జబ్బులున్న 124 మంది పిల్లల మీద చూస్తే, ఇది పిల్లలకి నేరుగా చేసే సీబీటీకి తీసిపోలేదు. అది ఓసీడీ మీద చేసిన పరీక్ష కాదన్నది గుర్తుంచుకోవాలి. అయినా "నేను రాను, నాకేం లేదు" అని తలుపేసుకునే పదహారేళ్ళవాడు ఇంట్లో ఉన్నవాళ్ళకి, మొదలుపెట్టడానికి ఇంతకన్నా మంచి చోటు నాకు తెలియదు.

ఇందులో నాకు పట్టుబడిన కిటుకు ఒక్కటే: వాడు చేసేదాన్ని ఆపకూడదు, నేను చేసేదాన్ని ఆపాలి. కుళాయి వాడి చేతిలో ఉంది, జవాబు నా నోట్లో ఉంది. ఒక ఆదివారం ఇల్లు నెమ్మదిగా ఉన్నప్పుడు ఇద్దరం కూర్చుని వాడికి ఉత్తరం చదివి వినిపించాం. "నీకెంత కష్టంగా ఉందో మాకు తెలుసు. తట్టుకోగలవనీ తెలుసు. రేపటి నుంచి 'తగిలిందా' అని అడిగితే ఒక్కసారే జవాబు చెప్తాను, రెండోసారి చెప్పను." అంతే. సబ్బుల జోలికి పోలేదు, స్నానం మాటెత్తలేదు.

మొదటి వారం ముందుకన్నా ఘోరంగా గడిచింది. అరిచాడు, కంచం విసిరాడు, "నువ్వు అమ్మవేనా" అన్నాడు. ఇలా పెరుగుతుందని ముందే చెప్పారు కాబట్టి పక్కగదిలోకి వెళ్ళి కూర్చోగలిగాను. పని చెడగొట్టింది మా వారు. వాల్వు కట్టేసిన మనిషే, అర్ధరాత్రి జాలిపడి, నాకు వినపడకుండా "తగల్లేదులేరా" అని చెప్పేసేవారు. ఎప్పుడూ జవాబు చెప్పడం కన్నా ఎప్పుడో ఒకసారి చెప్పడం ఇంకా చేటు, ఇంకాస్త అడిగితే వస్తుందన్న ఆశ మిగులుతుంది. ఇద్దరి మాటా ఒకటయ్యాకే మూడో వారంలో నా గీతలు 20కి దిగాయి.

మిగతా దారులు ఒక ముక్కలో. ధ్యానం, ఊపిరి వ్యాయామాలు: నిద్రకి మంచివి, ఓసీడీకి చాలవు. తలకి అయస్కాంత చికిత్స: 2018లో అమెరికాలో అనుమతి వచ్చింది, పెద్దవాళ్ళకి. ఆస్పత్రిలో చేర్చడం: తిండి నీళ్ళు మానేసినా, చచ్చిపోతానన్నా ఆ రోజే, ఎవరినీ అడగకుండా.

వాడికిప్పుడు పదిహేడు. కిందటి నెల స్కోరు 13. చెల్లెలు చెప్పులతోనే ఇంట్లోకి వస్తోంది, అది కావాలనే చేస్తుందని నా అనుమానం. తగ్గిన తర్వాత కూడా కనీసం ఆరు నెలలు మందు ఆపొద్దన్నారు, ఏడో నెల నడుస్తోంది. డోసు తగ్గిద్దామని వాడంటున్నాడు, పరీక్షలయ్యాక చూద్దామని నేనంటున్నాను. రాత్రిపూట ఒక ప్రశ్న ఇంకా మిగిలే ఉంది. నిన్న అడగబోయి ఆగి, "వద్దులే, నువ్వెలాగూ చెప్పవు" అని దీపం ఆర్పేసుకున్నాడు.