వినైల్ ప్లాంకులు: గదుల్లో సుఖం, మెట్ల మీద జాగ్రత్త

మా ఇంట్లో గదులన్నిటిలోనూ, పై అంతస్తుకు వెళ్లే మెట్ల మీదా వినైల్ ప్లాంకులే, అంటే చెక్కలా కనిపించే ప్లాస్టిక్ పలకలు. వేయించి చాలా ఏళ్లయింది. పిల్లల పరుగులు, కుక్క గోళ్లు, ఒలికిపోయిన నీళ్లు అన్నీ చూశాయి. మళ్లీ వేయించాల్సి వస్తే గదులకు ఏ టెన్షనూ లేకుండా వీటినే ఎంచుకుంటాను. మెట్లకు మాత్రం, ఆ పని బాగా తెలిసిన మనిషి దొరికితేనే.

కొనేటప్పుడు అందరూ ముందుగా అడిగేది ప్లాంకు మందం: 5 మి.మీ.నా, 8 మి.మీ.నా అని. నిజానికి గీతల నుంచి కాపాడేది ఆ మందం కాదు, పైనుండే పారదర్శకమైన వేర్ లేయర్. దాన్ని మిల్స్‌లో చెబుతారు. మిల్ అంటే మిల్లీమీటరు కాదు, అంగుళంలో వెయ్యో వంతు. 12 మిల్ అంటే సుమారు 0.3 మి.మీ., 20 మిల్ అంటే 0.5 మి.మీ. మేం 20 మిల్‌ది తీసుకున్నాం. జనం ఎక్కువగా నడిచే హాల్లో కూడా డిజైన్ చెరగలేదు. కాకపోతే ఎండ ఏటవాలుగా పడినప్పుడు సన్నటి గీతలు కనబడతాయి. నిగనిగలాడే రకం కన్నా మాట్ రకంలో ఇవి తక్కువగా తెలుస్తాయి. ఒక్కటి గుర్తుంచుకోవాలి: ఈ పొర అరిగిందా, ప్లాంకు మార్చాల్సిందే. అసలు చెక్కలాగా గీకి మళ్లీ పాలిష్ పెట్టే వీల్లేదు. కింద ఉన్నది అచ్చు వేసిన చెక్క బొమ్మే కదా.

లోపలి భాగంలో రెండు రకాలున్నాయి. ఎస్‌పీసీలో (స్టోన్ ప్లాస్టిక్ కాంపోజిట్) సున్నపురాయి పొడి, ప్లాస్టిక్ కలిసి ఉంటాయి. గట్టిది, బరువులకు త్వరగా సొట్ట పడదు. డబ్ల్యూపీసీ (వుడ్ ప్లాస్టిక్ కాంపోజిట్) కాస్త మెత్తన. కాళ్లకు హాయి, చప్పుడు తక్కువ, కానీ బరువైన బీరువా కాళ్ల కింద గుంటలు పడే అవకాశం ఎక్కువ. మాది ఎస్‌పీసీ.

ఇంతకీ ఈ ఫ్లోరింగ్ ఎన్నాళ్లుంటుందో తేల్చేది డబ్బా మీది అంకెలు కాదు, దాని కింద ఉన్న నేల. క్లిక్ ప్లాంకుల్ని నేలకు అతికించరు. అవి ఒకదాన్నొకటి పట్టుకుని నేల మీద ఊరికే పరుచుకుని ఉంటాయి. కింద పల్లం ఉంటే అడుగు పడ్డ ప్రతిసారీ ప్లాంకు కిందికి వంగి పైకి లేస్తుంది. ఆ కదలికకు అంచున ఉండే సన్నటి లాక్ విరుగుతుంది, తర్వాత జాయింట్ విచ్చుకుంటుంది. సాధారణంగా కంపెనీలు చెప్పే కొలత, 3 మీటర్ల పొడవులో 5 మి.మీ.కి మించి ఎత్తుపల్లాలు ఉండకూడదని. పొడవాటి అల్యూమినియం బద్ద నేల మీద పెట్టి అటూ ఇటూ తిప్పి చూస్తే సందులు ఇట్టే తెలిసిపోతాయి. మా హాల్లో ఒక మూల పల్లాన్ని పనివాళ్లు పూడ్చకుండా వదిలేశారు. ఇప్పుడు సరిగ్గా అక్కడే అడుగేస్తే టక్‌మంటుంది. మిగతా గదుల్లో లెవలింగ్ సిమెంటు పోసిన చోట ఒక్క జాయింటూ కదల్లేదు. పల్లాన్ని మెత్తటి ఫోమ్‌తో సర్దేస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. మెత్తదనం పెరిగేకొద్దీ లాక్ మీద ఒత్తిడీ పెరుగుతుంది. ప్లాంకు వెనకే ఫోమ్ అతికించి వస్తే ఇంకోటి అసలే వద్దు.

వాటర్‌ప్రూఫ్ అనే మాట ప్లాంకు వరకే వర్తిస్తుంది. గోడ అంచుల నుంచి కిందికి దిగిన నీరు అక్కడే నిలిచి బూజు పడుతుంది. కాంక్రీటు నేల నుంచి పైకొచ్చే చెమ్మ కూడా అంతే.

గోడ చుట్టూ 6 నుంచి 10 మి.మీ. ఖాళీ వదలాలి. ఎండకూ వేడికీ వినైల్ సాగుతుంది, ఆ సాగుదలకు చోటు లేకపోతే మధ్యలో ఉబ్బుతుంది. అందుకే స్కర్టింగ్‌ను గోడకే బిగించాలి, ప్లాంకుకు కాదు. వంటింటి కేబినెట్లలాంటి కదలని బరువుల్ని కూడా ఈ ప్లాంకుల మీద నిలబెట్టకూడదు. ముందు కేబినెట్లు, వాటి చుట్టూ ఫ్లోరింగ్.

ఇక మెట్లు. గదిలో పనికొచ్చిన పద్ధతి ఇక్కడ పనికిరాదు. మెట్టు మీద ప్లాంకు తేలుతూ ఉంటే కాలు జారినట్టే, కాబట్టి ప్రతి ముక్కనూ జిగురుతో పూర్తిగా అతికించాలి. పాత కార్పెట్ ఉంటే పీకేసి, మేకులూ పిన్నులూ తీసేసి, ఊగే మెట్లను స్క్రూలతో బిగించాకే మొదలుపెట్టాలి. అన్నిటికన్నా ముఖ్యం నోజింగ్, అంటే మెట్టు అంచును కప్పుతూ వేసే బద్ద. మన బరువంతా పడేది దాని మీదే. ప్లాంకుతో సమానంగా కూర్చునే రకం, ప్లాంకు మీదికి ఎక్కి కూర్చునే రకం అని రెండున్నాయి. రెండో రకంలో చిన్న గట్టులా పైకి వస్తుంది, దిగేటప్పుడు మడమకు తగులుతుంది. మేం సమానంగా ఉండేదే వేయించాం. ఇన్నేళ్లలో ఒక్కటీ ఊడలేదు, ఎందుకంటే పనిచేసినతను జిగురుతో పాటు స్క్రూలూ వేశాడు. జిగురు ఆరేదాకా ఎవర్నీ ఎక్కనివ్వలేదు కూడా.

మెట్ల మీద నాకు నచ్చనిది ఒక్కటే, జారుడు. సాక్సులతో దిగడం ప్రమాదం. ముసలివాళ్లు, చిన్నపిల్లలు ఉన్న ఇంట్లో అంచుల వెంట జారని పట్టీలు తప్పకుండా వేయించండి. అందం కొంచెం తగ్గినా ఫర్వాలేదు. ఇంకో సంగతి, మెట్ల మీద కోతలు ఎక్కువ, వృథా కూడా ఎక్కువే. గదులకు పది శాతం అదనంగా తీసుకుంటే సరిపోతుంది, మెట్లకు అది చాలదు.

శుభ్రం చేయడం తేలిక: ఊడ్చి, బాగా పిండిన తడిగుడ్డతో తుడిస్తే చాలు. స్టీమ్ మాప్ వద్దు. రబ్బరు అడుగున్న మ్యాట్లు కూడా వద్దు, వాటి కింద వినైల్ పసుపు పచ్చగా మారుతుంది, ఆ మరక ఎంత రుద్దినా పోదు.

పని అయ్యాక మిగిలిన ప్లాంకుల్ని అమ్మేయకుండా ఒక డబ్బా అయినా దాచుకోండి. కొన్నేళ్లకు అదే డిజైన్ దొరకదు. దొరికినా లాక్ తీరు మారిపోయి పాతదానికి పట్టకపోవచ్చు.