ఇన్ఫెక్షనా, వదులు ముఖద్వారమా?
మా కడప వైపు ఐదో నెలలో కడుపు పోతే దిష్టి అంటారు. మళ్ళీ పోతే కోడలి నడకనే తప్పుబడతారు, అదొక అలవాటు. అసలు కారణం గర్భసంచి ముఖద్వారం వదులు కావడమో, ఇన్ఫెక్షనో కావచ్చు. ముఖద్వారం వదులైతే పెద్దగా నొప్పే ఉండదు. కిందికి బరువుగా అనిపించేలోపే తెరుచుకుంటుంది. ఇన్ఫెక్షనైతే జ్వరం, వాసనతో తెల్లబట్ట, పొత్తికడుపు నొప్పి రావచ్చు. ఒక్కోసారి ఏ గుర్తూ ఉండదు, అక్కడే చిక్కు.

వదులుకు 12-14 వారాల్లో కుట్టు వేస్తారు; బొంబాయి డాక్టర్ శిరోద్కర్ 1955లో ప్రకటించిన పద్ధతి ఇప్పటికీ వాడుకలో ఉంది. ఇంతకుముందు నెలలు నిండకుండా కాన్పయినవాళ్ళకు, 24 వారాల్లోపు స్కానింగులో ముఖద్వారం పొడవు 25 మిల్లీమీటర్లకన్నా తగ్గినా కుట్టు ఆలోచిస్తారు. గర్భసంచిలో ఇన్ఫెక్షన్ ఉంటే మాత్రం వేయరు. నిజానికి రెంటినీ పూర్తిగా విడదీయలేం: తెరుచుకున్న ద్వారం గుండానే క్రిములు పైకి పాకుతాయి. ముందు నొప్పి వచ్చిందా, ఉమ్మనీరు పోయిందా అన్నది గుర్తుంచుకుని డాక్టరమ్మకు చెప్పండి.