అండమానా, శ్రీలంకా, మాల్దీవులా? చివరి రేవు ఎక్కడుందో చూసుకోండి

ఫిబ్రవరిలో అండమాన్ వెళ్లొచ్చిన దగ్గర్నుంచీ మన కోనసీమలో రాజోలు, మలికిపురం, అమలాపురం, ఎక్కడ ఏ పెళ్లికి వెళ్లినా భోజనాల దగ్గర ఒకటే ప్రశ్న. "ఏమ్మా, తక్కువలో తేలాలంటే అండమాన్ మేలా, శ్రీలంక మేలా? మాల్దీవులు కూడా ఇప్పుడు మనలాంటివాళ్లకి అందుతున్నాయంటగా?" విస్తరి ముందు రెండు ముక్కల్లో చెబితే సగమే చెవిన పడుతోంది. మిగతా సగం ఏజెంటు చెప్పినట్టు చేసేస్తున్నారు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

ముందు మా అత్తయ్యగారి ప్రశ్న. "చుట్టూ గోదావరి, ఎదురుగా సముద్రం, నెత్తిన కొబ్బరిచెట్టు. ఇంకో దీవికి అంత డబ్బు పోసి వెళ్లడం ఎందుకమ్మా?" ఆవిడ మాటలో న్యాయం ఉంది. మనం పుట్టిందే లంకల్లో. కొబ్బరిచెట్ల కోసం, ఇసక కోసం అయితే గడప దాటక్కర్లేదు. వెళ్లాల్సింది నీళ్ల కోసం. అంతర్వేదిలో మోకాల్లోతున నిలబడితే మన పాదం మనకి కనపడదు. గోదావరి ఎక్కడెక్కడి మట్టినో మోసుకొచ్చి మన తీరంలో కలుపుతుంది. ఆ మట్టే మన పొలాలు, మన లంకలు. కానీ ఆ మట్టి వల్లే మన దగ్గర పగడపు దిబ్బలు పెరగవు. పగడానికి వెలుగు కావాలి, తేట నీరు కావాలి. అండమాన్‌లో నడుం లోతు నీళ్లలో కాళ్ల చుట్టూ తిరిగే రంగుచేపల్ని మావాడు ఊపిరి బిగబట్టి చూస్తుంటే, ఈ ఖర్చు దేనికో నాకు అప్పుడు తెలిసింది.

ఇక ఏది మేలు అన్న సంగతి. అందరూ విమానం టికెట్టు దగ్గరా గది అద్దె దగ్గరా లెక్క మొదలుపెడతారు. నేను చివరి రేవు దగ్గర మొదలుపెడతాను. విమానం దిగిన ఊరికీ మీరు స్నానం చేయబోయే బీచికీ మధ్య ఇంకా ఎన్ని పడవలు ఎక్కాలి? ఆ పడవ ఆగిపోతే ఏం చేస్తారు? ఇది మనకి ఎవరూ నేర్పక్కర్లేదు. నరసాపురం, సఖినేటిపల్లి రేవుల్లో పంటు కోసం నిలబడ్డవాళ్లమే. గోదావరికి వరదొస్తే పంటు ఆపేస్తారు. అవతల గట్టున పెళ్లున్నా, పరీక్ష ఉన్నా, చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరిగి వెళ్లాల్సిందే. దీవిలో చుట్టుదారి కూడా ఉండదు. గాలి తగ్గేదాకా గదికి అద్దె కట్టుకుంటూ కూర్చోవాలి.

మాకు ఈ సంగతి 2023 డిసెంబరులో డబ్బు పోసి తెలిసింది. మొదటిసారి వెళ్లడం కదా, దగ్గరి టౌన్లో ఒక ఏజెంటు చేత ప్లాను వేయించుకున్నాం. ముందు పోర్ట్ బ్లెయిర్ (దీన్నే 2024 నుంచి శ్రీ విజయపురం అంటున్నారు), తర్వాత నీల్ దీవి, చివర హేవ్‌లాక్. ఆఖరి రోజు పొద్దున్నే హేవ్‌లాక్‌లో పడవెక్కి, పోర్ట్ బ్లెయిర్‌లో దిగి, మధ్యాహ్నం విమానం అందుకోవాలి. ఆఖరి రాత్రి దాకా బీచి పక్కనే పడుకోవచ్చని మేమూ మురిసిపోయాం. తీరా ఆ రోజు తెల్లారేసరికి అల్పపీడనం, ఈదురుగాలి, పడవలన్నీ రద్దు. మా విమానం లేచే టైముకి మేం జెట్టీలో సూట్‌కేసుల మీద కూర్చుని ఉన్నాం. మర్నాడు మధ్యాహ్నానికి గానీ ప్రభుత్వ పడవలో నాలుగు సీట్లు దొరకలేదు. మళ్లీ కొన్న విమానం టికెట్లూ, అదనపు రాత్రుల గదులూ, భోజనాలూ కలిపి 46,000 రూపాయలు. యాత్ర మొత్తానికి మేం అనుకున్నదే 1,10,000.

కాబట్టి అండమాన్‌కి నా మొదటి మాట: పడవలు ముందు పెట్టుకోండి, ఊరు చివర పెట్టుకోండి. దిగిన రోజో, మర్నాడో దీవికి వెళ్లిపోవాలి. ఆఖరి రెండు రాత్రులు పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉండాలి. సెల్యులార్ జైలు, రాస్ దీవి అప్పుడు చూసుకోవచ్చు. పడవ ఒక పూట ఆగినా, ఒక రోజు ఆగినా విమానం మాత్రం తప్పిపోదు. రెండో మాట ఇంకా ముఖ్యం: ఒక్క దీవే ఎంచుకోండి. హేవ్‌లాక్, నీల్, బారాటాంగ్ అంటూ ఐదు రోజుల్లో మూడు చోట్లకి పరిగెత్తించే ప్యాకేజీలో పిల్లలు నీళ్లలో గడిపేది తక్కువ, జెట్టీలో గడిపేది ఎక్కువ.

ఈ ఫిబ్రవరిలో మేం నీల్ ఒక్కటే పెట్టుకున్నాం. 2018 నుంచి దీని పేరు షహీద్ ద్వీప్, హేవ్‌లాక్ పేరు స్వరాజ్ ద్వీప్. టికెట్ల మీద ఈ పేర్లే ఉంటాయి, గుర్తుపెట్టుకోండి. హేవ్‌లాక్‌లో రాధానగర్ బీచి చాలా అందమైనది, కాదనను. కానీ గదులు, తిండి అక్కడ ఖరీదు. నీల్ ఈ చివర నుంచి ఆ చివరకి ఐదారు కిలోమీటర్లు. దారి పొడుగునా కూరగాయల మళ్లు, పోకచెట్లు, కొబ్బరి. మన లంక పొలాల్లో తిరిగినట్టే ఉంటుంది. సైకిళ్లు అద్దెకి తీసుకుంటే చాలు. పొద్దున సీతాపూర్‌లో సూర్యోదయం, పగలు భరత్‌పూర్‌లో స్నానం, సాయంత్రం లక్ష్మణ్‌పూర్‌లో సూర్యాస్తమయం. సాయంత్రం ఐదున్నరకల్లా చీకటి పడిపోతుంది, ఎందుకంటే అంత తూర్పున ఉన్నా గడియారం మాత్రం మనదే. మధ్యాహ్నం పడుకుని లేచి బీచికి వెళ్దాం అనుకుంటే రోజు అయిపోయినట్టే.

ఇంకొకటి. ఏ ప్యాకేజీ కాగితంలోనూ రాయరు గానీ, అక్కడ పోటూ పాటూ చూసుకుని తిరగాలి. పాటు సమయంలో భరత్‌పూర్‌లో నీళ్లు దూరం పోయి, చచ్చిన పగడపు రాళ్లు బయటపడతాయి. ఉత్తకాళ్లతో నడిస్తే కోసుకుంటాయి. స్నానానికి పోటు కావాలి. నీల్‌లోనే ఉన్న, ప్రకృతి చెక్కిన రాతి వంతెన చూడ్డానికైతే మాత్రం పాటులోనే వెళ్లాలి, పోటులో అక్కడికి నడిచే దారి ఉండదు. వేటకి వెళ్లే మన ఊళ్ల వాళ్లకి ఇది కొత్త కాదు. టౌన్లో పెరిగిన పిల్లలకి చెప్పాలి.

ఖర్చు కూడా చెబుతాను. నలుగురం, ఆరు రాత్రులు. రాజమండ్రిలో సర్కార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి చెన్నైలో దిగి, అక్కణ్ణుంచి విమానం. రెండున్నర నెలల ముందు కొంటే నాలుగు టికెట్లు రానూపోనూ 44,000 అయ్యాయి. మిగతాదంతా కలిపి, అంటే రైలు, ఆటోలు, పడవలు, గదులు, తిండి, పిల్లలిద్దరికీ నీటిలో చూసే అద్దాల అద్దె, ఇంకో 49,000. వెళ్లేటప్పుడు ప్రైవేటు పడవ, వచ్చేటప్పుడు ప్రభుత్వ పడవ ఎక్కాం. ప్రభుత్వ పడవ నిదానం గానీ టికెట్టు బాగా తక్కువ, పైకెక్కి గాలి పీల్చుకోవచ్చు. నీల్‌కి కాస్త నగదు తీసుకెళ్లండి. అన్నం, పప్పు, చేపల పులుసు ఎక్కడైనా దొరుకుతాయి. పోర్ట్ బ్లెయిర్ బజార్లో తెలుగు మాట వినపడుతూనే ఉంటుంది. శ్రీకాకుళం వైపు నుంచి ఎప్పుడో వెళ్లి స్థిరపడ్డ కుటుంబాలు చాలా ఉన్నాయి.

వైజాగ్ నుంచి ఓడ సంగతి కూడా అడుగుతున్నారు. ఓడ ఉంది, టికెట్టు చవకే. కానీ రోజూ ఉండదు. రెండు రోజులకి పైగా నీళ్ల మీదే ఉండాలి, తిరుగు ఓడ మీ సెలవులకి కలిసిరాదు. పెళ్లికాని కుర్రాళ్లకి బాగుంటుంది.

అసలు చిక్కు నెలతో వస్తుంది. మన దగ్గర సంక్రాంతికి ఎవరూ ఊరు కదలరు. సార్వా (వానాకాలం వరి) కోతలు, ఆపైన దాళ్వా (రెండో పంట) ఊడ్పులు. దాళ్వా కూడా ఒబ్బిడయ్యి కాలవలు కట్టేశాక, ఏప్రిల్ ఆఖరు నుంచి మే నెలంతా రైతు చేతిలో డబ్బూ తీరికా రెండూ ఉంటాయి, పిల్లలకీ సెలవులే. సరిగ్గా అప్పుడే అండమాన్‌లో సముద్రం తిరగబడుతుంది. "నైరుతి అండమాన్‌ని తాకింది" అన్న వార్త మే మూడో వారం ప్రాంతంలో వినగానే మనం నారుమళ్ల గురించి ఆలోచిస్తామే, ఆ వార్తే అక్కడ పడవ టికెట్టు చేతిలో పట్టుకున్నవాడికి గండం. కేరళ కంటే ముందు రుతుపవనం వచ్చేది అక్కడికే. ఏప్రిల్ ఆఖర్లో వెళ్లగలిగితే సరే. మే పది దాటితే నేనైతే అండమాన్ వెళ్లమని ఎవరికీ చెప్పను.

మే నెలే కుదిరేవాళ్లకి శ్రీలంక మేలు. మా చెల్లెలు వాళ్లు పోయిన మేలో వెళ్లొచ్చారు, తను చెప్పిందే రాస్తున్నాను. ఆ దేశంలో ఒక తీరానికి వానాకాలం వస్తే ఇంకో తీరం ప్రశాంతంగా ఉంటుంది. నైరుతి వానలు కొలంబో, గాలే వైపు కురిసి మధ్యలో కొండల దగ్గర ఆగుతాయి. అందుకని మే నుంచి సెప్టెంబరు దాకా తూర్పు తీరం, అంటే ట్రింకోమలీ, నీలావెలి, పాసికుడా, తేటగా ఉంటాయి. డిసెంబరు నుంచి మార్చి దాకా దక్షిణ తీరం బాగుంటుంది. ఉనావటున, మిరిస్సా అటువైపే. అన్నిటికన్నా నాకు నచ్చింది చివరి రేవు లేకపోవడం. చెన్నైలో ఎక్కితే గంటన్నర లోపే కొలంబో. అక్కణ్ణుంచి ట్రింకోమలీకి ఏడెనిమిది గంటల బస్సు ప్రయాణం, దిగితే బీచి. నీలావెలి ఎదురుగా పిజియన్ ఐలాండ్ అనే చిన్న దీవి ఉంది, పగడాలు చూడాలంటే దానికి పడవెక్కాలి, విదేశీయులకి టికెట్టు కూడా ఎక్కువే. కానీ ఆ పడవ ఆగితే పోయేది ఒక పూట. విమానం పోదు.

తిండి దగ్గర కూడా శ్రీలంక మనకి చుట్టమే. అన్నం, నాలుగైదు కూరలు, అన్నింట్లో కొబ్బరి. ట్రింకోమలీ వైపు తమిళం నడుస్తుంది, ఏదోలా మాట కలుస్తుంది. ఖర్చు పెరిగేది కాగితాల దగ్గర: పెద్దవాళ్లకి ఒక్కో పాస్‌పోర్టుకి 1,500, ఆపైన ప్రయాణానికి ముందే ఆన్‌లైన్లో అనుమతి. పాస్‌పోర్టులు ఇప్పటికే ఉన్నవాళ్లకి అండమాన్ ఖర్చుకీ దీనికీ పెద్ద తేడా రాదని మా చెల్లెలి లెక్క. నీళ్లు మాత్రం నీల్ అంత తేటగా లేవంది. నీళ్ల కోసమే వెళ్తున్నాం అనుకున్నాం కాబట్టి ఆ మాట దాచకూడదు. ఫిబ్రవరిలో సెలవు పెట్టుకోగలిగినవాళ్లెవరైనా సరే, నా ఓటు నీల్‌కే.

మాల్దీవుల నీళ్లకి సాటి లేదు. చవక అన్నమాటా అబద్ధం కాదు. ఊళ్లుండే దీవుల్లో గెస్ట్‌హౌసులు వచ్చాక మాఫుషి లాంటి చోట్ల మామూలు గదులు దొరుకుతున్నాయి, మాలే నుంచి గంటన్నరలో ఫెర్రీ చేరుస్తుంది, వీసా అక్కడ దిగాక ఊరికే ఇస్తారు. అయితే బియ్యం నుంచి కూరగాయల దాకా ఓడలో రావాల్సిందే కనక కుటుంబానికి మూడు పూటలా తిండి బరువవుతుంది. దానికితోడు 2025 నుంచి చిన్న గెస్ట్‌హౌసుల్లో కూడా మనిషికి రాత్రికి 6 డాలర్ల గ్రీన్ టాక్స్. నలుగురు ఐదు రాత్రులుంటే 120 డాలర్లు, అంటే పది వేలకి పైనే, పన్నుకే. ఇద్దరే అయితే వెళ్లొచ్చు. నలుగురైతే ఆగండి.

లక్షద్వీప్‌కి ముందుగా పర్మిట్ కావాలి, కొచ్చి నుంచి ఓడో విమానమో దొరకాలి. మొత్తం చివరి రేవు మీదే ఆధారపడ్డ యాత్ర అది. థాయ్‌లాండ్ దీవులు చూడ్డానికి బాగుంటాయి, మన బడ్జెట్టుకి దూరం. రామేశ్వరం కూడా దీవే, రైలు సముద్రం మీదుగా తీసుకెళ్తుంది, ధనుష్కోటి చూసి తీరాలి, కానీ అది వేరే రకం యాత్ర. చేతిలో ఐదు వేలే ఉంటే మన దగ్గరే దిండి ఊళ్లో ఒక రాత్రి ఉండి, మర్నాడు ఎస్.యానాం బీచికి వెళ్లండి, పిల్లలు ఇసకలో ఆడుకుంటారు. అంతర్వేదిలో వశిష్ఠ కలిసే చోట మాత్రం స్నానానికి దింపకండి. అక్కడ ఏటి లాగుడూ సముద్రపు లాగుడూ రెండూ ఉంటాయి.

మేం వచ్చే మే నెలకి ట్రింకోమలీ అనుకుంటున్నాం, ఈసారి అత్తయ్యగారు కూడా వస్తున్నారు. దీవి అంటే ససేమిరా అన్న మనిషి, అష్టాదశ శక్తిపీఠాల్లో మన ద్రాక్షారామంతోపాటు చెప్పుకునే శాంకరీదేవి స్థానం అదేనని, కోణేశ్వరం గుడి కూడా అక్కడే సముద్రం పక్కన కొండ మీద ఉందని చెప్పేసరికి మెత్తబడ్డారు. పోయిన వారం భీమవరం వెళ్లి పాస్‌పోర్టు పని చూసుకొచ్చాం. దారిలో ఆవిడ ఒక్కటే అడిగారు, గుడికి చేరేలోపు ఎక్కడైనా పంటు ఎక్కాలా అని. విమానం దిగాక అంతా రోడ్డే అత్తయ్యగారూ అన్నాను.