నాందేడ్‌ను తెలుగులో చూపించే గైడు సేవ: మా అనుభవం, అభిప్రాయం

మహారాష్ట్రలోని ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్ ప్రాంతాల తెలుగువాళ్లం కోర్టు పనికో ఆసుపత్రికో నాందేడ్‌కు పోయి వస్తూనే ఉంటాం గాని, 1708లో ఆ ఊరు సిక్కుల పదో గురువు గురు గోవింద్ సింగ్ అంతటివారికి మజిలీ అయిందని మనలో చాలామందికి తెలియదు. ఒక చిన్న ట్రావెల్స్ వారు తెలుగు మాట్లాడే గైడును ఇచ్చి, ఒక పూటలో గురుద్వారాలను, గోదావరి ఘాట్లను చూపిస్తున్నారు. ఆటో ఖర్చుతో కలిపి మనిషికి 300 రూపాయలు. చెప్పే విషయాన్ని బట్టి అది ఎక్కువేమీ కాదు.

గైడు గారు ముందుగా ఊళ్లోని ప్రధాన గురుద్వారా అయిన సచ్‌ఖండ్‌కు కాక బందా ఘాట్‌కు తీసుకువెళ్లడం నాకు ఎంతో నచ్చింది. 1707లో ఔరంగజేబు అహ్మద్‌నగర్ దగ్గర మరణించడం, సింహాసనం కోసం కొడుకులు పోరాడటం, గెలిచిన బహదూర్ షా తనకు లొంగని తమ్ముడు కాంబక్ష్ మీదికి హైదరాబాదుకు దండు నడిపించడం, ఆ దండుతో పాటు గురు గోవింద్ సింగ్ దక్కనుకు రావడం, ఇవన్నీ మమ్మల్ని మెట్ల మీద కూర్చోబెట్టి తొందర లేకుండా వివరించారు. సుద్దముక్కతో రాతి మీద ఆగ్రా నుంచి హైదరాబాదు వైపు ఒక గీత గీశారు. నాందేడ్ దగ్గర ఆగి, అక్కడి నుంచి పంజాబుకు మరో గీత తిప్పారు. ఆ రెండో గీత ఇక్కడ ఆశ్రమం పెట్టుకున్న మాధోదాస్ అనే బైరాగిది. ఆయనే గురువు దగ్గర దీక్ష తీసుకుని బందా సింగ్ అయి, 1710లో పంజాబులోని మొగలుల పట్టణం సర్హింద్‌ను గెలిచి, 1716లో ఢిల్లీలో మరణశిక్షకు గురయ్యారు.

సచ్‌ఖండ్‌లో ఇంత వివరణ దొరకలేదు. 1708 అక్టోబరులో గురువు ఇక్కడే కన్నుమూశారనీ, తన తరువాత సిక్కుల పవిత్ర గ్రంథమైన గ్రంథ సాహిబే గురువని ప్రకటించారనీ, ఇప్పటి కట్టడాన్ని 1830లలో మహారాజా రంజిత్ సింగ్ కట్టించారనీ చెప్పి ముగించారు. లంగర్‌లో, అంటే గురుద్వారాలో అందరికీ ఉచితంగా పెట్టే భోజనశాలలో మాత్రం రొట్టెను రెండు చేతులూ చాపి అందుకోవాలని పక్కన కూర్చుని పిల్లలకు నేర్పిన తీరు మా అందరికీ మనసుకు హత్తుకుంది.

నాకు రెండు అభ్యంతరాలున్నాయి. బహదూర్ షా ఇచ్చిన వజ్రాన్ని గురువు గోదావరిలోకి విసిరారనే హీరా ఘాట్ కథ భక్తుల నమ్మకం. దాన్ని తేదీలున్న చరిత్రతో కలిపి ఒకే స్వరంలో చెప్పకుండా, ఇది నమ్మకమని విడదీసి చెప్పవలసింది. అదే 1708లో మొగలుల మీద తిరగబడ్డ సర్వాయి పాపన్న ఓరుగల్లును కొల్లగొట్టిన సంగతి అసలే రాలేదు. మొగలు అధికారం సడలిన ఆ కాలాన్ని తెలుగు శ్రోతలకు అర్థం చేయించడానికి అంతకన్నా దగ్గరి ఉదాహరణ ఏముంటుంది?

పొద్దున బయలుదేరితే మధ్యాహ్నానికే ముగించేస్తారు. సాయంత్రం ఆరతి తరువాత గురువు ఆయుధాలను భక్తులకు చూపిస్తారు కాబట్టి, వెళ్లదలచినవారు మధ్యాహ్నం తరువాతి పూటనే అడిగి పెట్టుకోవడం మంచిది.