50 మీటర్ల రైఫిలుకు బ్యారెల్: దీర్ఘకాలం వాడిన తరువాత నా సమీక్ష

వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చాక మన దేశంలో సరదా వేటకు తావు లేకుండా పోయింది కనుక, దూరపు గురి కోసం బ్యారెల్ (తుపాకీ గొట్టం) ఎంచుకోవడమంటే మా వంటివారికి కాగితపు లక్ష్యం కోసం ఎంచుకోవడమే. విజయవాడలో ఉంటూ, 50 మీటర్ల ప్రోన్ (బోర్లా పడుకుని కాల్చే) సాధనకు హైదరాబాదు గచ్చిబౌలి రేంజికి వెళ్లివచ్చే నేను, పాయింట్ టూటూ (గొట్టం వ్యాసం సుమారు 0.22 అంగుళాలు) రైఫిలుకు జర్మనీ సంస్థ లోథార్ వాల్తర్ తయారు చేసిన స్టెయిన్‌లెస్ స్టీలు బ్యారెల్‌ను కొన్నేళ్లుగా వాడుతున్నాను. దీని పొడవు 20 అంగుళాలు, రైఫ్లింగ్ (తూటా గిరగిరా తిరిగేలా గొట్టం లోపల చెక్కిన మెలి గాడులు) 16 అంగుళాలకు ఒక చుట్టు.

పొడవు పెరిగితే గురి పెరుగుతుందని మన దగ్గర చాలామంది గట్టిగా నమ్ముతారు. పెద్ద తూటాల రైఫిళ్లలో పొడవు వేగాన్ని పెంచుతుంది గానీ, పాయింట్ టూటూ సంగతి వేరు. ఇందులోని కొద్దిపాటి మందు 16 నుంచి 19 అంగుళాల లోపే దాదాపు తన పనంతా చేసేస్తుంది. ఆపైన మిగిలిన పొడవులో రెండున్నర గ్రాముల సీసపు తూటాకు రాపిడే ఎక్కువ. పైగా తూటా గొట్టంలో ఎంతసేపు ఉంటే, ట్రిగ్గరు నొక్కాక మన భుజం కదలికకు అంతసేపు లోబడి ఉంటుంది. టెలిస్కోపు అనుమతించని 50 మీటర్ల ప్రోన్ పోటీలో వెనక, ముందు సైట్ల (గురి చూసే అమరికల) మధ్య దూరం ఎక్కువ ఉండటం మంచిదే కనుక, బ్యారెల్ చివర లోపల రైఫ్లింగ్ లేని ఖాళీ తొడుగు బిగించి ముందు సైటును దాని మీద పెట్టుకున్నాను. పొట్టి బ్యారెల్ లాభమూ, పొడవాటి చూపు లాభమూ రెండూ దక్కాయి.

కొనేముందు నేను అన్నిటికంటే శ్రద్ధగా చూసింది క్రౌన్, అంటే తూటా బయటికి వచ్చే అంచు. భూతద్దం కింద ఆ అంచు చుట్టూ గీత గానీ గంటు గానీ ఉండకూడదు. కొంత కాల్చాక అక్కడ ఏర్పడే మసి అన్ని వైపులా సమానంగా, పువ్వు రేకుల్లా పరుచుకోవాలి. ఒకవైపే చిక్కగా ఉంటే వాయువు ముందుగా అటు నుంచి జారి తూటాను పక్కకు నెడుతోందని అర్థం.

ఈ బ్యారెల్ వల్ల తెలిసివచ్చిన ముఖ్యమైన విషయం, తూటాతో దానికి కుదరాల్సిన పొత్తు. ఒకే కంపెనీ, ఒకే రకం తూటాలైనా లాట్ (ఒకే విడతలో తయారైనవాటి) నంబరు మారితే గ్రూపు (లక్ష్యం మీద తూటా రంధ్రాల గుంపు) మారుతుంది. రైఫిలును బిగించి లాట్‌కు పదేసి చొప్పున కాల్చి చూడటం ఖర్చుతో కూడిన పనే. అయినా లక్ష్యం నడిమధ్య పది పాయింట్లిచ్చే వలయం వెడల్పు 10.4 మిల్లీమీటర్లే అయినచోట ఆ ఖర్చు తప్పదు. సెకనుకు 330 మీటర్ల చుట్టుపక్కల, ధ్వని వేగానికి లోపలే వెళ్లే మ్యాచ్ (పోటీల కోసం చేసిన) తూటాలే దీనికి నప్పాయి.

కృష్ణ ఒడ్డు తేమకు స్టెయిన్‌లెస్ తీసుకోవడం నూటికి నూరుపాళ్లు సరైన నిర్ణయం. వానాకాలంలో, తుపాను రోజుల్లో నల్లటి బ్లూయింగ్ (ఉక్కుకు వేసే రక్షణ పూత) బ్యారెళ్ల మీద వేలిముద్ర పడినచోటే తుప్పు మొదలవుతుంది. స్టెయిన్‌లెస్‌కు తుప్పు అసలే పట్టదని కాదు. చెమట తుడిచి పలచగా నూనె రాయవలసిందే. లోపల మాత్రం ఛాంబర్ (తూటా కూర్చునే గది) ముందు గట్టిపడే మసి వలయం మీదే నా దృష్టంతా. శుభ్రం చేసే రాడ్‌ను ఎప్పుడూ గైడు (రాడ్‌ను నిటారుగా నడిపే తొడుగు) ద్వారా ఛాంబర్ వైపు నుంచే పంపుతాను. మజిల్ (గొట్టం మూతి) వైపు నుంచి తోస్తే క్రౌన్ అరిగిపోతుంది.

1959 నాటి ఆయుధ చట్టం ప్రకారం తుపాకీ భాగాలు కూడా ఆయుధాల కిందికే వస్తాయి కనుక బ్యారెల్ మార్పు లైసెన్సున్న డీలరు చేతనే చేయించాలి. బిగించాక లోపల ఛాంబర్ అంచుల్లో మరపనిలో రాలిన లోహపు పోగులు మిగిలాయేమో అక్కడే దీపం వేసి చూసుకుని, ఆ తరువాతే రైఫిలు చేతికి తీసుకోవాలి.