దురియనా, మాంగోస్టీనా: ఇంటిల్లిపాదితో వెళ్తే ముందు ఏది?

థాయ్‌లాండ్, మలేషియా వైపు దురియన్‌ను పళ్లకు రాజు అంటారు, మాంగోస్టీన్‌ను రాణి అంటారు. రెండూ దాదాపు ఒకే కాలంలో వస్తాయి కాబట్టి సంతలో పక్కపక్కనే కనిపిస్తాయి.

పిల్లలు, పెద్దవాళ్లు వెంట ఉంటే నా ఓటు ముందు మాంగోస్టీన్‌కే. ముదురు ఊదారంగు పండును రెండు అరచేతుల మధ్య పెట్టి నొక్కితే మందపాటి తొక్క విచ్చుకుంటుంది. లోపల వెల్లుల్లి రెబ్బల్లా తెల్లటి తొనలు, తీపీ పులుపూ కలిసిన రసం. పండు అడుగున చిన్న రేకుల గుర్తు ఉంటుంది. ఎన్ని రేకులో లోపల అన్ని తొనలు! పిల్లలచేత ముందే లెక్కపెట్టించి, తర్వాత ఒలిచి చూపించండి, ఎంత సంబరపడతారో. నొక్కినా లొంగనంత గట్టిగా ఉంటే కొనొద్దు, పాతబడిందన్నమాట. తొక్క రసం బట్టలకు అంటితే మరక ఓ పట్టాన వదలదు, జాగ్రత్త.

దురియన్ సంగతి వేరు. పండు కంటే ముందు వాసన పలకరిస్తుంది. సింగపూర్ మెట్రో రైళ్లలోకి దాన్ని తీసుకెళ్లనివ్వరు, చాలా హోటళ్లూ ఒప్పుకోవు. కొన్నచోటే తినెయ్యడం మేలు. గుజ్జు చిక్కగా, మెత్తగా ఉంటుంది, కొంచెం తిన్నా కడుపు నిండిపోతుంది. థాయ్‌లాండ్‌లో కాయ చెట్టుమీద ఉండగానే కోస్తారు, మలేషియాలో పండి రాలేదాకా ఆగుతారు. అందుకే మలేషియా ముసాంగ్ కింగ్ రకం దురియన్ ఘాటుగా, చిరుచేదుగా తగులుతుంది. కొత్తవాళ్లకు తియ్యటి థాయ్ మాన్‌థాంగ్ రకం తేలిక. కాయంతా కొనకుండా, ఒలిచి అమ్మే చిన్న పొట్లం తీసుకుని అందరూ తలాకాస్త రుచి చూడండి. నచ్చనివాళ్లకు మాంగోస్టీన్ ఎలాగూ ఉంది.